ఆవు పొట్ట కింద పచ్చరంగు

ఎండపొలంలో మేసే ఆవునీ, దూరంగా మేకల్నీ నీళ్లరంగుల్లో వేద్దామని కూర్చుంటే, నాలుగు పేపర్లు పాడయ్యాక ఐదోదాంట్లో ఎండ కనిపించింది. ఎండంటే పసుపు దట్టంగా పూయడమే అనుకునేదాన్ని ఇన్నాళ్లూ, అలా పూసినప్పుడల్లా పొలం మీద ఎవరో పసుపునీళ్లు ఒలకబోసినట్టు ఉండేది తప్ప ఎండ కాసినట్టు ఉండేది కాదు. వాటర్ కలర్లో తెలుపంటే పేపరే. వెలుగు పడేచోట కుంచె పెట్టకుండా చేతిని ఆపుకోవడమే అసలు కష్టం.

తెల్లావుని ఎంచుకున్నది సులువని. వెన్ను, తల పైభాగం వదిలేసి, నీడవైపు మాత్రం ముదురు నీలం రంగు అల్ట్రామెరైన్‌లో కాస్త బర్న్ట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగు కలిపి పలచగా వేశాను. అయినా బొమ్మ చచ్చినట్టే ఉంది. ఎందుకో తెలియక ఎండలో మేస్తున్న ఆవు ఫోటోని చాలాసేపు చూశాను, అప్పుడు కనపడింది: పొట్ట కింద నీడ బూడిదరంగులో లేదు, గడ్డి మీద పడ్డ వెలుగు పైకి కొట్టి అక్కడ లేత పచ్చగా ఉంది. తడి ఆరకముందే ఆ నీడలోకి చుక్క పచ్చరంగు వదిలాను, అంతే, ఆవుకి పొట్ట గుండ్రంగా వచ్చేసింది!

ఇంకోటి. ఆవు ఒంటి మీది నీడ, నేల మీద పడే నీడ విడివిడిగా వేస్తే ఆవు కత్తిరించి అతికించినట్టు గాల్లో తేలుతుంది. కాళ్ల దగ్గర కుంచె ఎత్తకుండా రెండూ ఒకే తడిలో కలిసిపోనివ్వాలి. నీడలు ఎటు పడతాయో పెన్సిల్‌తో ముందే గీసుకోండి. బయట కూర్చుని వేసిన రెండో బొమ్మలో, నేను తాపీగా వేస్తుంటే పొద్దు తిరిగిపోయి, ఆవు నీడ ఎడమకీ మేకల నీడ కుడికీ పడింది, ఆకాశంలో ఇద్దరు సూర్యులున్నట్టు.

మూడోదాని కథ మాస్కింగ్ ఫ్లూయిడ్, అంటే రంగు అంటకుండా ముందే పూసి, తర్వాత ఊడబెరికే రబ్బరు జిగురు. ఆవు ఆకారం కాపాడుకుందామని పూసి, ఓపిక లేక హెయిర్ డ్రయర్ పెట్టాను. వేడికి అది పేపర్‌ని పట్టేసుకుంది, లాగితే ఆవు వీపుతో సహా ఊడొచ్చింది. దాన్ని గాలికే ఆరనివ్వాలి, కుంచెకి ముందు సబ్బు పట్టించాలి, లేకపోతే కుంచె కూడా పోతుంది. ఇప్పుడైతే మానేశాను, వెనక చెట్టుని ముదురుగా వేస్తే వదిలేసిన తెల్ల వెన్ను దానంతటదే మెరుస్తోంది.

పచ్చరంగు ట్యూబులోంచి నేరుగా వాడితే పొలం ప్లాస్టిక్ చాపలా ఉంటుంది. నీలం, పసుపు కలుపుకుని, దూరానికి నీలం ఎక్కువ, దగ్గరకి పసుపు ఎక్కువ వేస్తున్నాను. ఆరాక రంగు తేలిపోతుంది కాబట్టి తడిగా ఉన్నప్పుడు కాస్త ముదురనిపించినా భయపడక్కర్లేదు. పేపర్ మాత్రం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువు) కాటన్‌ది తీసుకోండి, పలచటిది తడికి అప్పడంలా ముడుచుకుంటుంది.

అమెరికా చిత్రకారుడు విన్స్లో హోమర్ 1878 వేసవిలో ఒక ఫారంలో ఉండి గొర్రెల్నీ, వాటిని కాసే అమ్మాయిల్నీ నీళ్లరంగుల్లో వేశాడు. ఆ గొర్రెల్ని చూశాకే నా దూరపు మేకలకి కళ్లూ చెవులూ పెట్టడం ఆపేశాను. మూడు మచ్చలు, వాటి కింద మూడు నీడలు.

ముందువైపు ఒక కోడి కూడా ఉంది. దానికి కాళ్లు వేయలేదు, గడ్డిలో ఉన్నాయి.