షెడ్డులో పెడితే చచ్చిపోతున్న వ్యాగన్ ఆర్ బ్యాటరీ

మళ్లీ పడుకుంది. శుక్రవారం సాయంత్రం పొదలకూరు పక్కన మా ఊళ్లో రేకుల షెడ్డులో పెట్టేటప్పటికి బ్యాటరీ 12.58 వోల్టులు. సోమవారం పొద్దున చూస్తే 11.71. తాళం తిప్పితే టిక్ టిక్ తప్ప ఇంకేం లేదు. "ఏందబ్బయ్యా, తోలేదానికి కొన్నావా, తోసేదానికి కొన్నావా?" అని మా నాయన. అయినా ఈసారి నాకు చిరాకు కన్నా హుషారే ఎక్కువగా ఉంది. మీటరు మొదటిసారి పనికొచ్చే మాట చెప్పింది.

మిగతా పనులన్నీ అయిపోయాయి. ముందు బ్రేక్ ప్యాడ్లు మార్చాను, ఏసీ ఫిల్టర్ మార్చాను, కావలి దాకా హైవే మీద ఫుల్ ట్యాంక్ లెక్కన లీటరుకు 20 పైనే ఇచ్చింది.

ఈ బండే ఎందుకు కొన్నావని ఇప్పటికీ మెసేజ్‌లు వస్తున్నాయి కాబట్టి ఒక్కసారి చెప్పేస్తాను. ఇంట్లో మొదటి కారు, వాడినది, చిన్నది కావాలి, నాయన మోకాళ్లకు సీటు ఎత్తుగా ఉండాలి. పాత శాంత్రో, ఆల్టో 800 రెండూ చూశాం. రెండింట్లోనూ టైమింగ్ బెల్టే, అంటే ఇంజను లోపలి భాగాలను ఒక లయలో తిప్పే రబ్బరు పట్టీ. ముందు ఓనరు దాన్ని ఎప్పుడు మార్చాడో కాగితం లేకపోతే కొన్న వెంటనే మార్చుకోవాల్సిందే. వ్యాగన్ ఆర్ 1.0లో 998 సీసీ మూడు సిలిండర్ల ఇంజనుకు దాని బదులు చైన్ ఉంది, ఆ గొడవ లేదు. 2019 మోడల్ కాబట్టి డ్రైవర్ ఎయిర్‌బ్యాగు, ఏబీఎస్ వచ్చాయి. కార్లను గుద్దించి భద్రతకు స్టార్లిచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ ఆ ఏడాది దీనికి ఇచ్చింది రెండు స్టార్లే. నాలుగు స్టార్ల టియాగో మా బడ్జెట్లో మంచిది దొరికి ఉంటే దాన్నే తెచ్చేవాణ్ణి. ఇక్కడ ఒక సంగతి. మాది ఎల్‌ఎక్స్‌ఐ, అంటే కంపెనీ నుంచి స్టీరియో, సెంట్రల్ లాక్ లేకుండా వచ్చే రకం. ఉన్నవన్నీ తర్వాత బయట పెట్టించినవే. నా తలనొప్పి అంతా అక్కడే ఉంది.

ఇప్పుడు లెక్కలు. బ్యాటరీ మీద 35 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే ఆంపియర్లను గంటలతో గుణిస్తే వచ్చే నిల్వ లెక్క) అని రాసుంది. నిండా చార్జ్ చేసి, హెడ్‌లైట్ బల్బు ఒకటి తగిలించి 10.5 వోల్టులకు పడేదాకా కూర్చున్నాను. సుమారు 4.5 ఆంపియర్లు లాగుతూ 4 గంటల 40 నిమిషాలు నిలిచింది. అంటే చేతిలో ఉన్నది 21 ఏహెచ్. (ఈ పరీక్ష మాటిమాటికీ చేయకండి, బ్యాటరీ ఇంకా పాడవుతుంది.) పాతబడింది నిజమే, కానీ చచ్చిపోలేదు. మెకానిక్ మాత్రం "కొత్తది వేసేద్దాం అన్నా" అనే అంటున్నాడు. వేస్తే ఆ కొత్తది ఇంకో రెండు మూడు రోజులు ఎక్కువ ఓర్చుకుంటుంది, అంతే.

షెడ్డులో అన్నీ మూసి, తలుపు మూసినట్టే బండికి అనిపించేలా డోర్ లాచ్‌ను స్క్రూడ్రైవర్‌తో నొక్కి అరగంట ఆగాక, బ్యాటరీ తీగ మధ్యలో పెట్టిన మీటరు 0.19 ఆంపియర్లు చూపించింది. 0.05 లోపు ఉండాల్సింది అది. రోజుకు నాలుగున్నర ఏహెచ్ పోతోంది. శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దుటికి రెండున్నర రోజుల్లో 11 పైనే. 21లో 11 పోయాక స్టార్టర్ తిరగమంటే ఎక్కడ తిరుగుతుంది? ఇంతవరకూ లెక్క కలిసింది.

కలవనిది నెల్లూరు. వేదాయపాళెంలో మా అద్దింటి ముందు రోడ్డు మీద వారం నిలబెట్టినా ఒక్క సెల్ఫ్‌కే లేస్తుంది. మొదట ఎండ మీద అనుమానపడ్డాను, రేకుల కింద పొయ్యిలా ఉంటుంది కదా అని. అదే షెడ్డులో రాత్రి పది దాటాక కొలిచాను. 0.18. ఎండ కాదు. బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌లో డయోడ్ లీకేమో అని దాని లావు తీగ విప్పి చూశాను, అంకె కదల్లేదు. నడుస్తున్నప్పుడు చార్జింగ్ 14.2 వోల్టులు, బాగానే ఉంది. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకితే లోపలి లైటు ఫ్యూజ్ దగ్గర 0.02కి పడిపోయింది. దొంగ ఆ లైన్లో ఉన్నాడు. స్టీరియో వెనక ప్లగ్గు పీకాను, తేడా లేదు. లైటు బల్బు తీశాను, లేదు. సెంట్రల్ లాక్ డబ్బా విప్పాను, 0.01 తగ్గింది.

ఈ ఆదివారం ఊరికే అంకె చూస్తూ కూర్చున్నాను. 0.19 దగ్గర నిలబడి, ఉన్నట్టుండి ఒక్క క్షణం 0.4కి ఎగిరి మళ్లీ కిందికి వస్తోంది. కాసేపటికి మళ్లీ అదే. బండిని షెడ్డులోంచి తోసి నిమ్మచెట్ల పక్కన ఆరుబయట పెట్టాను. 0.12. సాయంత్రం నెల్లూరుకు తెచ్చి కొలిస్తే 0.05, ఎగరడం మాత్రం అక్కడక్కడా ఉంది. షెడ్డులో నా ఫోనుకు ఒక గీత సిగ్నల్ వస్తే గొప్ప.

దొంగ జీపీఎస్ ట్రాకర్ అని నా నమ్మకం, అంటే బండి ఎక్కడుందో ఎవరి ఫోనుకో పంపే చిన్న డబ్బా. సిగ్నల్ అందకపోతే వెతుక్కుంటూ ఎక్కువ కరెంటు తాగేది అదే. లోపలున్న చిన్న బ్యాటరీ కూడా చెడిపోయి ఉంటే ఎప్పుడూ చార్జ్ అవుతూనే ఉంటుంది. 0.19 అంటే ట్రాకర్ ఒక్కదానికి ఎక్కువే, అందుకే ఈ రెండో అనుమానం. అమ్మినాయనకు ఫోన్ చేస్తే, కొన్నాళ్లు బండి అద్దెకిచ్చుకున్నానని ఇప్పుడు నిదానంగా చెప్పాడు. ట్రాకర్ అప్పుడే పెట్టించి ఉంటాడు. అంటే మేం ఏ పెళ్లికి పోయిందీ, నిమ్మకాయల యార్డు దగ్గర ఎంతసేపు ఆగిందీ ఎవరి ఫోన్లోనో ఇన్నాళ్లూ కనపడుతూ ఉండొచ్చు. నాయనకు ఇంకా చెప్పలేదు.

వాడిన బండి చూడబోయేవాళ్లు పెయింటు మీద గోరు గీకి చూసే బదులు అరగంట మీటరు పెట్టమని అడగండి. ఒప్పుకోని అమ్మకందారు దగ్గర బయట బిగించిన తీగలు ఏమున్నాయో ఇంకా గట్టిగా చూడాలి. మీటరు సంగతికొస్తే, పసుపు రంగు చవక డీటీ 830 అంకె 0.01 చొప్పునే కదులుతుంది, పని జరుగుతుంది గానీ ఓపిక చస్తుంది. యూనీ-టీ 210ఈ క్లాంప్ మీటరు ఆర్డర్ పెట్టాను, తీగ విప్పకుండానే మిల్లీఆంపియర్లు చూపిస్తుంది. క్లాంప్ కొనేటప్పుడు డీసీ (బ్యాటరీ కరెంటు) కూడా కొలుస్తుందో లేదో చూసుకోండి. చవకవి చాలావరకు ఇంట్లో వచ్చే ఏసీ కరెంటుకే పనికొస్తాయి.

వచ్చే ఆదివారం గ్లవ్‌బాక్స్ విప్పి, లోపలి లైటు ఫ్యూజ్ వెనక నుంచి ఇన్సులేషన్ టేపు చుట్టిన తీగ ఎక్కడికి పోతుందో పట్టుకుంటాను. ట్రాకర్ దొరికితే పీకేసి, అదే షెడ్డులో, అదే మూలన మళ్లీ మూడు రాత్రులు పెట్టి చూడాలి. బ్యాటరీ ఆ తర్వాతే. అమరాన్ అయితే మన తిరుపతి పక్కనే తయారవుతుంది, ఊరి షాపులో కూడా దొరుకుతుంది కాబట్టి అటే మొగ్గు. టైర్లు 155/80 ఆర్13, వెనకవి రెండూ పక్కల పగుళ్లు వచ్చాయి. వానలు మొదలయ్యేలోపు అవి మార్చాలి.