రొట్టెకో ప్రశ్న: పిల్లలున్న ఇంట్లో గ్రూప్-2 ప్రిపరేషన్

రోజుకు పది గంటలు చదవాలన్న లెక్క పిల్లలున్న ఇంట్లో నడవదు. నల్లగొండలోనైనా, పాలమూరులోనైనా, దేవరకొండ, అచ్చంపేట పక్క పల్లెల్లోనైనా ఇద్దరు పిల్లలు, అత్తామామలు ఉన్న ఇంట్లో చేతికందే సమయం దాదాపు ఇట్లా ఉంటుంది. తెల్లవారుజామున నాలుగుంబావు నుంచి ఆరు దాకా గంటా ముప్పావు. పిల్లలు బడికి పోయి, గిన్నెలు, బట్టలు అయినంక పదకొండు, ఒంటిగంట మధ్యలో గంటన్నర. రాత్రి పిల్లలు పడుకున్నంక ముప్పావుగంట. కూడితే నాలుగు గంటలు. అందులో ఏదో ఒకటి రోజూ చెడుతుంది. నల్లా నీళ్ళు ఆలస్యంగా వస్తాయి, చిన్నోడికి జ్వరం వస్తుంది, చెప్పకుండా చుట్టాలు దిగుతారు. అందుకని టైంటేబుల్ మూడు గంటలకే రాసుకోండి. నాలుగింటికీ రాసుకుంటే వారం తిరిగేసరికి ఏడు గంటల బాకీ పేరుకుంటుంది. చాలామంది సిలబస్‌ను చూసి కాదు, ఆ బాకీని చూసి పుస్తకం మూసేస్తారు.

తెలంగాణ గ్రూప్-2 ఉద్యోగ పరీక్షలో నాలుగు పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు, మొత్తం 600. ఏ పేపర్ ఏ పూట చదవాలన్నది ఇష్టాన్ని బట్టి కాకుండా, ఆ పూట ఎన్నిసార్లు లేవాల్సి వస్తుందన్నదాన్ని బట్టి తేల్చుకోవాలి. మబ్బులనే లేచిన గంటా ముప్పావు ఎవరూ పిలవని సమయం. అది పేపర్-3 ఎకానమీకి ఇవ్వండి. జాతీయాదాయం, బడ్జెట్ లోట్లు, భూసంస్కరణలు లాంటివి మధ్యలో లేస్తే మళ్ళీ మొదటికొస్తాయి. పగటి గంటన్నర చరిత్రకు, పాలిటీకి, ఉద్యమ చరిత్రకు సరిపోతుంది. రాత్రి ముప్పావుగంటలో కొత్తది ముట్టుకోవద్దు, పొద్దున చదివింది పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవడానికే అది. అర్థమెటిక్, రీజనింగ్‌కు ప్రత్యేకంగా పూట అక్కర్లేదు. ఒక్కో లెక్క రెండు నిమిషాలది, మధ్యలో లేచినా పోయేది ఆ ఒక్క లెక్కే. అన్నం ఉడికేలోపు నాలుగు చేయొచ్చు.

ఎకానమీలో తెలుగు మీడియం వాళ్ళకు ఒక ఇబ్బంది ఉంది. ఒకే మాటను ఒక పుస్తకంలో కోశ లోటు అని, దినపత్రికలో ద్రవ్య లోటు అని రాస్తారు. రెండూ వేరనుకుని రెండుసార్లు చదివేవాళ్ళున్నారు. ప్రతి పదం పక్కన ఫిస్కల్ డెఫిసిట్, రెవెన్యూ డెఫిసిట్ అని ఇంగ్లీష్ మాట రాసుకోండి. పరీక్షలో అనుమానం వచ్చినప్పుడు పక్కనున్న ఇంగ్లీష్ ప్రశ్న చూసి తేల్చుకోవచ్చు.

చదవాల్సినదాన్ని గంటల్లో కాకుండా ముక్కల్లో కొలవండి. ఒక ముక్క అంటే పాతిక నిమిషాల్లో మొదలై పూర్తయ్యేది. పేపర్-4లో, అంటే తెలంగాణ ఉద్యమ చరిత్రలో, ముల్కీ (స్థానికుడన్న గుర్తింపు) నుంచి 610 జీవో దాకా ఉన్న భాగాన్ని తీసుకుందాం. "ఇవాళ 1969 ఉద్యమం చదవాలి" అని రాసుకుంటే అది ముక్క కాదు, మూడు రోజుల పని. దాన్ని ఇట్లా కోయండి.

మొదటి ముక్క స్థానికుల ఉద్యోగ రక్షణలు. 1919 ఫర్మానాతో ముల్కీకి 15 ఏళ్ళ నివాసం కావాలి. 1956 ఫిబ్రవరి 20న ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంలో అది 12 ఏళ్ళు. ఈ 15, 12 తారుమారు చేసి ఆప్షన్లు ఇస్తారు కాబట్టి రెండూ నోట్సులో ఒకే గడిలో, ఒకదాని కింద ఒకటి ఉండాలి. రెండో ముక్క ఆ రక్షణలు అమలు కాకపోవడంతో లేచిన 1969 ఉద్యమం. జనవరి 21న వచ్చిన 36వ జీవో నాన్ ముల్కీలను ఫిబ్రవరి 28 లోపు వెనక్కి పంపాలన్నది. మూడో ముక్కలో 1972 అక్టోబర్ 3న ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు, దానికి ఎదురుగా ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోరిన జై ఆంధ్ర ఉద్యమం, 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన. నాలుగో ముక్కలో 1973 సెప్టెంబర్ 21 ఆరు సూత్రాల పథకం, 32వ రాజ్యాంగ సవరణ, స్థానికులకు ఉద్యోగాల్లో, చదువుల్లో రక్షణనిచ్చే 371డి అధికరణ, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు, వాటి ఉల్లంఘనల మీద 1985 డిసెంబర్ 30న 610 జీవో. ఆ జీవో స్థానికేతరులను ఉద్యోగ నియామకాల కోసం విడగొట్టిన 5, 6 జోన్ల నుంచి 1986 మార్చి 31 లోపు పంపాలన్నది. మన నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ అప్పటి ఆరో జోన్‌లోనివే. ఇప్పటి ఏడు జోన్లలో నల్లగొండ యాదాద్రి జోన్‌లో, మహబూబ్‌నగర్ జోగులాంబ జోన్‌లో ఉన్నాయి. ఆ పాత పంచాయితీ ఇప్పుడు మన అప్లికేషన్ ఫారంలో లోకల్ కాలమ్‌గా నిలబడి ఉందని అర్థమైతే ఈ నాలుగు ముక్కలూ మరిచిపోరు.

ఇక్కడ ఎక్కువమందికి తప్పేది ఒకచోటే. తేదీలు విడివిడిగా వస్తాయి, ఒకదాని తర్వాత ఒకటి ఎందుకొచ్చిందో రాదు. కాలక్రమంలో అమర్చండి అన్న ప్రశ్నలో మార్కు పోతుంది. చదువు మధ్యలో తెగే ఇంట్లో మొదట తెగేది కూడా ఈ 'ఎందుకు' అన్న లింకే. దానికి ఒక ఉపాయం ఉంది. పాప ఏడ్చి లేవాల్సి వచ్చినప్పుడు పేజీ మడిచి లేవకండి. చదువుతున్న చోట పెన్సిల్‌తో తర్వాత రావాల్సిన ప్రశ్న రాసి లేవండి. "తీర్పు తర్వాత ఆంధ్రలో ఏమైంది?" అని ఉంటే చాలు. గంట తర్వాత వచ్చి కూర్చున్నా ఆ ప్రశ్న మిమ్మల్ని అదే చోటికి తీసుకుపోతుంది. పేజీ మడిచిపోతే మళ్ళీ రెండు పేజీలు వెనక నుంచి మొదలుపెడతారు. రోజుకు నాలుగుసార్లు లేస్తే అరగంట అక్కడే ఖర్చవుతుంది.

వంటింట్లో వినే చదువు గురించి అందరూ చెబుతారు. ఏ పని దగ్గర వినొచ్చో, ఎక్కడ వినబడదో మాత్రం చెప్పరు. కూరగాయలు తరిగేటప్పుడు, చిక్కుడుకాయ ఈనె తీసేటప్పుడు, బియ్యం ఏరేటప్పుడు బాగా వినబడుతుంది. గిన్నెలు తోమేటప్పుడు నీళ్ళ చప్పుడు, మిక్సీ దగ్గర అసలే కాదు. జొన్నరొట్టెల దగ్గర కూడా ఆడియో పనికిరాదు. పిండిలో వేడినీళ్ళు పోసి పిసికి, పీట మీద చేత్తో చరుస్తుంటే ఆ చప్పుడుకు ఫోన్‌లో మాట తేలదు. అక్కడ వినడానికి బదులు చెప్పుకోవాలి. రొట్టెకో ప్రశ్న పెట్టుకోండి. ఒక రొట్టె చరిచి పెనం మీద వేసి, పైన తడిగుడ్డ అద్ది, తిప్పి కాల్చి దించేలోపు ఒక ప్రశ్నకు జవాబు నోటితో పూర్తిగా చెప్పాలి. "దొడ్డి కొమరయ్య అమరుడైంది ఎప్పుడు, ఎక్కడ?" అంటే 1946 జూలై 4, కడవెండి. "మొదటి భూదానం?" అంటే 1951 ఏప్రిల్ 18, పోచంపల్లి, వెదిరె రామచంద్రారెడ్డి, 100 ఎకరాలు. జవాబు రాకపోతే రొట్టె దించి పక్కన పెట్టి, ప్రశ్నలు, జవాబులు రాసుకున్న చీటీకి పిండి చేతిని తగిలించకుండా చూసుకోండి. పది రొట్టెలకు పది ప్రశ్నలు, వారంలో ఐదు రోజులు చేస్తే యాభై. రానివే మరుసటి రోజు మొదటి రొట్టెల ప్రశ్నలు.

ఆడియో పెట్టుకునేవాళ్ళు సొంత గొంతుతో రికార్డు చేసుకోండి. ఒక్కోటి ఐదారు నిమిషాలు మించొద్దు. క్లాసు వీడియో పెడితే ఫోన్ చేతిలోకి వస్తుంది, చేతిలోకొస్తే ఇంకో వీడియోకు పోతుంది. పల్లెవెలుగు బస్సులో కూడా ఇవే పనికొస్తాయి, ఆ కుదుపుల్లో అక్షరం కుదురుగా కనబడదు.

నోట్సు విషయంలో నా అభిప్రాయం గట్టిదే. ఇంటి పని ఉన్నవాళ్ళు రెండు వందల పేజీల లాంగ్ బుక్కులు నింపొద్దు. అందంగా రాసిన నోట్సును తిరిగి చదివే టైం ఎప్పటికీ రాదు. ఒక ఏ4 కాగితం మూడుసార్లు మడవండి, ఒకవైపు ఎనిమిది గడులు పడతాయి, రెండువైపులా పదహారు. ఇదే మీ చీటీ. ఒక గడిలో ఒక ముక్క. ముందువైపు ప్రశ్నలే రాయాలి, జవాబులు వెనకవైపు అదే గడిలో. ముందే రెండు వైపులా నెంబర్లు వేసుకోకపోతే కాగితం తిప్పినప్పుడు గడులు తారుమారవుతాయి. పొయ్యి దగ్గర గోడకు అతికిస్తే ఆవిరికి, నూనెకు నెల రోజుల్లో సిరా అలుకుతుంది. అల్మారా తలుపు లోపలివైపు అతికించండి. అక్కడ పిల్లల చేతికీ అందదు.

సాయంత్రం పిల్లల హోంవర్క్ టైంను కూడా వాడుకోవచ్చు, ఒక షరతు మీద. ఆరు నుంచి పదో తరగతి దాకా సాంఘికశాస్త్రం పుస్తకాలు గ్రూప్-2కు నిజంగా పునాది. పాప ఎనిమిదో తరగతి పాఠం చదువుతుంటే మీరూ అదే పాఠం చదవండి. పక్కన కూర్చుని పాలిటీ గైడు తెరిస్తే రెండూ సాగవు, పైగా పిల్లల మీద కోపం వస్తుంది. బిడ్డ మీద విసుక్కుని సంపాదించే అరగంటకు విలువ లేదు, ఆ పూట పుస్తకం పక్కన పెట్టేయండి. చిన్నపిల్లలైతే మ్యాపు గీయించండి. కృష్ణ మన రాష్ట్రంలోకి వచ్చే తంగిడి, అక్కణ్ణించి జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల వరుసగా పెట్టి, ఎక్కడ తుంగభద్ర కలుస్తుందో, వాడపల్లి దగ్గర మూసీ ఎట్లా కలుస్తుందో రంగు పెన్సిళ్ళతో వాళ్ళ చేతే వేయించాలి. వాళ్ళకు ఆట, మీకు నదుల వ్యవస్థ. 2016 అక్టోబర్ 11న మన రెండు పాత జిల్లాలు ఏమేం జిల్లాలుగా విడిపోయాయో, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట ఎట్లా వేరుపడిందో కూడా ఆ మ్యాపు మీదే వస్తుంది.

ఏడాది మొత్తం ఒకే వేగం ఉండదు. పత్తి ఏరే రోజులు, వరి కోతలు, బతుకమ్మ తొమ్మిది రోజులు, దసరా సెలవులు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఆ నెలన్నర కొత్త సబ్జెక్టు పెట్టుకోవద్దు, చీటీలు తిప్పడం, రొట్టె ప్రశ్నలు మాత్రం ఆపొద్దు. వారానికి ఒక రోజు ఖాళీగా ఉంచండి, అది విశ్రాంతికి కాదు, మిగిలిపోయిన ముక్కలకు. అయినా మూడు ముక్కలకు మించి వెనక్కి మోయొద్దు, నాలుగోది వదిలేసి ముందుకే పోండి. రివిజన్‌లో అది మళ్ళీ ఎదురొస్తుంది. రాత్రి పదకొండుకు పడుకుని నాలుగుకు లేవడం రెండు వారాలు నడుస్తుంది, మూడో వారం తలనొప్పితో మొత్తం చెడుతుంది. పసిబిడ్డ రాత్రి మూడుసార్లు లేపితే ఆ పొద్దున అలారం తీసేయడమే సరి.

ఇంట్లోవాళ్ళను సాయం అడగడంలో కూడా పద్ధతి ఉంది. "కొంచెం చూసుకోండి" అంటే అత్తమ్మకైనా, భర్తకైనా ఏం చూడాలో తెలియదు. తేదీ, గంట, పని చెప్పాలి. "వచ్చే ఆరు ఆదివారాలు పది నుంచి పన్నెండున్నర దాకా పిల్లలు మీ దగ్గర, అన్నం వండి పెట్టిపోతాను" అంటే ఒప్పుకుంటారు. ఆ రెండున్నర గంటలు మోడల్ పేపర్‌కే. ఇంట్లో రాయొద్దు, జిల్లా గ్రంథాలయంలోనో, ఊళ్ళో ఖాళీగా ఉన్న బడి గదిలోనో కూర్చుని రాయండి. ఆడవాళ్ళకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఛార్జీ లేదు, ఆధార్ కార్డు వెంట పెట్టుకుంటే సరిపోతుంది.

2024 డిసెంబర్ 15, 16 తేదీల్లో జరిగిన పరీక్షలో రోజుకు రెండు పేపర్లు, పొద్దున పది నుంచి పన్నెండున్నర, మధ్యాహ్నం మూడు నుంచి ఐదున్నర. అందుకే ఆ ఆరు ఆదివారాల్లో కనీసం రెండు రోజులు రెండు పూటలా రాయాలి. మధ్యాహ్నం మూడింటికి, అన్నం తిన్నంక, 150 ప్రశ్నలు చదివే అలవాటు మన రోజులో ఎక్కడా ఉండదు, అది ముందే చేసుకోవాలి. 150 ప్రశ్నలకు 150 నిమిషాలు. జవాబు పత్రంలో దిద్దే ఒక్కో బబుల్‌కు ఐదు సెకన్లు వేసుకున్నా పన్నెండు నిమిషాలకు పైనే పోతాయి, కాబట్టి బబ్లింగ్ చివరికి దాచకండి. ఒక పేజీ ప్రశ్నలు కాగానే ఆ పేజీవి దిద్దండి. ఒక ప్రశ్న వదిలి పోయినప్పుడు కింది గడులన్నీ ఒక వరుస జరగడం ఇక్కడే జరుగుతుంది. వదిలిన ప్రశ్న నెంబరు చుట్టూ బుక్‌లెట్ మీద సున్నా చుట్టండి. ఆ నోటిఫికేషన్‌లో నెగెటివ్ మార్కులు లేవు, అట్లాంటప్పుడు ఒక్క గడి కూడా ఖాళీగా రావొద్దు. కొత్త నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఆ ఒక్క లైను మాత్రం మీ కళ్ళతో చూసుకోండి.

పాలు తాగే బిడ్డ ఉన్న తల్లులు సెంటర్‌ను ముందురోజే చూసి రండి. గేటు పరీక్షకు అరగంట ముందే మూసేస్తారు, అంటే పొద్దున తొమ్మిదిన్నర, మధ్యాహ్నం రెండున్నర. బిడ్డతో పాటు ఇంట్లోవాళ్ళొకరు రావాలి, దగ్గర్లో నీడ, నీళ్ళు ఉన్న చోటు చూసిపెట్టాలి. తొమ్మిదికి ఒకసారి, పన్నెండు నలభైకి ఒకసారి, రెండుకు ఒకసారి పాలు ఇచ్చేటట్టు ఆ రోజు సాగుతుంది. పది రోజుల ముందు నుంచే బిడ్డను ఆ వేళలకు మెల్లగా అలవాటు చేయండి, ఆ రోజు ఒక్కసారే మారిస్తే బిడ్డా ఏడుస్తుంది, హాల్లో మీ మనసూ నిలవదు. మొదటిరోజు సాయంత్రం బయటికొచ్చాక కీ చూడొద్దు, గ్రూపుల్లో చర్చ తెరవొద్దు. వేడినీళ్ళు పోసుకుని, తిని, పేపర్-4 చీటీలు ఒక్కసారి తిప్పి, తొమ్మిదింటికి బిడ్డ పక్కన పడుకోండి.