డిస్కులు మార్చినా ఆగని వణుకు: షోరూం సర్వీసుతో నా అనుభవం

తిరుపతిలో ఉండేవాళ్ల కారుకు కొండ తప్పదు. చుట్టాలొస్తే తీసుకెళ్లాలి, మొక్కు ఉంటే పోవాలి. ఎక్కేటప్పుడు బండి కష్టపడుతుంది కానీ అసలు పరీక్ష దిగేటప్పుడే. దిగే దారి 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డు. సెకండ్ గేరులోనే దిగినా మలుపు మలుపుకీ బ్రేకు తొక్కక తప్పదు. మా కారుకు ఏడో మైలు ఆంజనేయస్వామి విగ్రహం దగ్గరికి వచ్చేసరికి, బ్రేకు మీద కాలు పెడితే చాలు, స్టీరింగు గడగడా వణికేది. పక్క సీట్లో అమ్మ డోరు హ్యాండిల్ పట్టుకుని గోవింద నామం అందుకునేది.

కారు కొన్న షోరూంలోనే సర్వీసుకు ఇచ్చాను. ముందు చక్రాల బ్రేకు డిస్కులు రెండూ, వాటిని నొక్కే ప్యాడ్లూ మార్చారు. అవి అరిగే సామాను కాబట్టి వారంటీలోకి రావన్నారు, డబ్బు కట్టాను. కొన్ని నెలలు బాగానే ఉంది. ఆ తర్వాత మళ్లీ అదే వణుకు.

ఈసారి సర్వీస్ అడ్వైజర్ రేణిగుంట రోడ్డులో ఒక రౌండు వేసి వచ్చి, "బాగానే ఉంది కదా సార్, ఘాట్‌లో ఏ బండికైనా కొంచెం ఉంటుంది" అన్నాడు. జాబ్ కార్డు చూస్తే 'జనరల్ చెకప్, బ్రేక్ క్లీనింగ్' అని ఉంది. అది చూసి నాకు నిజంగా కోపమొచ్చింది. నేను చెప్పిన సమస్య ఆ కాగితం మీద లేకపోతే రేపు నేను చెప్పినట్టు రుజువేముంది? 'ఘాట్ దిగేటప్పుడు బ్రేకు వేస్తే స్టీరింగు వణుకుతోంది, ఇంతకుముందు డిస్కులు మార్చారు' అని రాసేదాకా సంతకం పెట్టలేదు. పాత బిల్లు నంబరు కూడా వేయించాను.

చదును రోడ్డు మీద డిస్కు అంతగా వేడెక్కదు, అందుకే అక్కడ వణుకు తెలియదు. కొండ మీదికి మనిషిని పంపండి, టోలు నేను కడతాను అన్నాను. ముందు కుదరదన్నారు. కంపెనీ కస్టమర్ కేర్‌కు జాబ్ కార్డు ఫొటో, పాత బిల్లు జతచేసి మెయిల్ పెట్టాను. సమాధానం రాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తాననీ, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాననీ అందులోనే రాశాను. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు ఉంటే అక్కడ ఫిర్యాదుకు ఫీజు లేదు. రెండేళ్లలోగా వేయాలి, అంతే. ఆ మెయిల్ తర్వాత షోరూం నుంచే ఫోనొచ్చింది.

ఫోర్‌మన్ నాతో కొండకు వచ్చాడు. పెద్దగా మాట్లాడని మనిషి. దిగేటప్పుడు స్టీరింగు ఆయన చేతికే ఇచ్చాను. సగం దారిలోనే, "సార్, ఇది డిస్కు తప్పు కాదనిపిస్తోంది" అన్నాడు.

వర్క్‌షాపులో నన్ను పక్కనే నిలబెట్టుకుని చక్రం విప్పించాడు. ఎడమవైపు లోపలి ప్యాడ్ దాదాపు రేకులాగా అరిగిపోయింది, బయటిది మాత్రం మందంగానే ఉంది. డిస్కు మీద అక్కడక్కడా నీలం మచ్చలు. ప్యాడ్లను డిస్కుకు నొక్కి పట్టే క్యాలిపర్ జరిగే పిన్నును చేత్తో లాగితే రాలేదు. రబ్బరు తొడుగు చిరిగి నీళ్లు దిగి, పిన్ను తుప్పు పట్టి బిగుసుకుపోయింది. దాంతో క్యాలిపర్ పక్కకు జరగడం లేదు, కాలు తీసినా లోపలి ప్యాడ్ డిస్కును వదలడం లేదు. డిస్కు కాలుతుంది, సమంగా లేకుండా పోతుంది, వణుకు పుడుతుంది. అసలు జబ్బు అలాగే ఉంచి కొత్త డిస్కులు వేస్తే అవీ అదే దారి పట్టాయి. మొదటిసారి ప్యాడ్లు విప్పినప్పుడే ఆ పిన్నును కదిపి చూసి ఉండాలి. అది చిన్న పనే. అయినా అమ్మ అన్ని మలుపులూ భయపడుతూ దిగింది ఆ చిన్న పని జరగక.

మళ్లీ డిస్కులకూ ప్యాడ్లకూ ఎస్టిమేట్ వేసిచ్చారు. పాత బిల్లు వెనకాల మార్చిన సామానుకు వారంటీ అని అచ్చేసి ఉంది, అది చూపించాను. మేనేజరు చాలాసేపు ఫోన్లో మాట్లాడి వచ్చి, డిస్కులకు డబ్బు వద్దన్నాడు. ప్యాడ్లకూ పిన్నుల కిట్టుకూ సామాను ధర మాత్రం తీసుకుని లేబర్ వదిలేశారు. ప్యాడ్లకు కూడా తీసుకోకూడదని నా అభిప్రాయం, ఆ మాట జాబ్ కార్డు మీద రాసే సంతకం చేశాను. విప్పిన పాత సామాను అడిగి డిక్కీలో వేయించుకున్నాను. బ్రేక్ ఆయిల్ రెండేళ్లు దాటిందని ఫోర్‌మన్ చెబితే అదీ మార్పించాను, దాని డబ్బు నేనే కట్టాను.

ఆ తర్వాత పెద్దమ్మ వాళ్లను దర్శనానికి తీసుకెళ్లి, కారు నిండా జనంతో దిగాం. స్టీరింగు కదల్లేదు.