చాపల్యం అనే మాట గురించి

కోరికకు లొంగిపోవడాన్ని చెప్పడానికి తెలుగులో మాటలకు కొదవ లేదు గాని, వాటిలో చాపల్యానికి ఉన్న మెత్తదనం మరొకదానికి లేదు. కక్కుర్తి అంటే అది తిట్టే. యావ అంటే పొద్దస్తమానం అదే ధ్యాస. వ్యసనమంటే వ్యవహారం చేయి దాటిపోయినట్టు. చాపల్యం మాత్రం ఆ కాసేపటికి మనిషి నిలవలేకపోయాడని చెప్పి ఊరుకుంటుంది. అందుకే ఎదుటివారి కక్కుర్తిని ఎత్తిచూపే మనం, మన దగ్గరికి వచ్చేసరికి దాన్నే చాపల్యం అనుకుంటాం.

మొజంజాహీ మార్కెట్ దగ్గర ఇరానీ చాయ్ తాగుతూ, షుగరు మాత్రలు జేబులో ఉన్న మా బాబాయి ఉస్మానియా బిస్కట్టును సగం దాకా చాయ్‌లో ముంచి, అది విరిగి కప్పులో పడేలోపు నోట్లో వేసుకుని, నేను చూస్తున్నానని గమనించి, "తెలుసురా, ఏదో జిహ్వచాపల్యం" అన్నారు. ఆ 'ఏదో'లోనే క్షమాపణ కూడా ఉంది.

అయితే ఈ మాట మూలంలో కోరిక ప్రసక్తే లేదు. సంస్కృతంలో చపలమంటే నిలకడ లేనిది, కదిలిపోయేది. అమరకోశంలో మెరుపుకు చెప్పిన పేర్లలో చపల ఒకటి. రఘువంశం మొదట్లో కాళిదాసు, రఘువంశపు రాజుల గుణాలు తన చెవిన పడి తనను చాపలానికి పురికొల్పాయని చెప్పుకున్నాడు. అక్కడ దాని అర్థం తొందరపాటు, సాహసం. భగవద్గీత 16వ అధ్యాయం 2వ శ్లోకంలో దైవీగుణాలను చెబుతూ 'అలోలుప్త్వం', 'అచాపలం' అని రెండింటినీ వేర్వేరుగా పేర్కొన్నారు. విషయాలు ఎదురుగా ఉన్నా ఇంద్రియాలు చలించకపోవడం మొదటిదనీ, పని లేనిదే మాటను, చేతులను, కాళ్లను కదపకపోవడం రెండవదనీ శంకరులు భాష్యం చెప్పారు. ఆ లెక్కన బాబాయిది లోలత్వమే గాని చాపల్యం కాదు. తెలుగువాడు ఈ తేడాను పట్టించుకోకుండా చాపల్యాన్ని నాలుకకు కట్టేశాడు. జిహ్వ అనకపోయినా ఇప్పుడు మనకు గుర్తొచ్చేది తిండే.

నాకు మాత్రం శంకరుల అర్థమే ఈనాటికి ఎక్కువ అవసరమనిపిస్తుంది. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ వెళ్లే మెట్రోలో సాయంత్రం పూట చూడండి: ఏమీ వెతకకుండా, ఏ కబురు కోసమూ ఎదురుచూడకుండా, తెరను పైకి తోస్తూ పోయే బొటనవేళ్లే కనిపిస్తాయి. అక్కడ ఆకలీ లేదు, రుచీ లేదు, చెప్పుకోదగ్గ కోరికా లేదు. పని లేని చేయి కదలడం ఒక్కటే ఉంది. దీన్ని వ్యసనమంటే అందరికీ అంటగట్టలేం, చేతివాటం అంటే దొంగతనమైపోతుంది. చేతిచాపల్యం అంటే సరిగ్గా సరిపోతుంది.