మార్సెయ్ కొండపై మరియతల్లికి చెల్లించిన మొక్కు

గత శీతాకాలంలో మా వారు పనిచేసే సరుకు ఓడ మధ్యధరా సముద్రంలో తుఫానులో చిక్కుకుని రెండు రోజులు కబురు అందకపోయినప్పుడు, విశాఖ రాస్ కొండ మీది మరియమాత ముందు మోకరిల్లి, ఆయన ఏ రేవులో క్షేమంగా దిగితే ఆ ఊరి తల్లి దగ్గరికే వచ్చి కొవ్వొత్తి వెలిగిస్తానని మొక్కుకున్నాను. ఆయన దిగింది ఫ్రాన్సులోని మార్సెయ్‌లో. పోయిన వారమే ఆ మొక్కు చెల్లించి వచ్చాను.

క్రీ.పూ. 600 ప్రాంతంలో గ్రీకు నావికులు వచ్చి స్థిరపడిన పాత రేవు నేటికీ ఆ ఊరికి నడిబొడ్డే. ఆ ఊరికి అన్నం పెట్టిన సముద్రమే 1720లో ఒక ఓడ వెంట ప్లేగును కూడా తెచ్చి, జనంలో దాదాపు సగం మందిని పొట్టన పెట్టుకుంది. అన్నీ చూసిన ఆ ఊరివాళ్లు కొండ మీది చర్చిలో కొలువైన మరియమ్మను ‘మంచి తల్లి’ అనే పిలుచుకుంటారు.

ఎక్కుడు నిటారుగా ఉంది. సగం దారిలో నా మోకాళ్లు మొరాయించి ఒక గోడకు ఆనుకుని కూర్చుండిపోతే, నా చేతిలోని జపమాల చూసిన ఒక ముసలావిడ తన సీసాలోని నీళ్లు తాగించి, చేయి పట్టుకుని పైదాకా నడిపించింది. ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకు రాదు.

లోపల సందర్శకులు గుంపులుగా వచ్చి, ప్రార్థించేవారికి అడ్డంగా నిలబడి ఫోటోలు తీసుకుంటుంటే నిజంగా బాధ కలిగింది. పీఠం మీది వెండి తల్లిని కన్నులారా చూసింది నిమిషమైనా ఉండదు. అయితే ముసలావిడ నా భుజం తట్టి పైకి చూపించింది. కప్పు నుంచి తీగలకు వేలాడుతున్న చిన్న చిన్న ఓడల బొమ్మలు! గోడల నిండా పాలరాతి మొక్కుబడి పలకలు, ఎన్నింటి మీదనో ‘మెర్సి’, అంటే కృతజ్ఞతలు. రంగు వెలిసిన ఒక పడవను చూపి, ఆమె తన ఉంగరాన్ని తాకి, గుండె మీద చేయి వేసుకుంది. అది ఆమె భర్త పడవ అని నాకు అర్థమయ్యింది. తిరిగి వచ్చాడో లేదో అడగలేకపోయాను.

నా కొవ్వొత్తిని ఆమె కొవ్వొత్తి మంటతోనే వెలిగించాను. బయటికి వచ్చేసరికి, రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 నాటి పోరులో తూటాలు తగిలిన గోడ పక్క నుంచి, రేవు దాటి సముద్రంలోకి సాగుతున్న ఓడ ఒకటి కనిపించింది. అందులో ఉన్నవాళ్లెవరో తెలియకపోయినా, వాళ్ల కోసం కూడా ఒక మంగళవార్త జపం చెప్పుకున్నాను.