వెబ్‌క్యామ్ లెన్సు పీకేశాక

హోలోగ్రామ్ అంటే మా ఇంట్లో తెలిసింది ఏటీఎం కార్డు మీద తళతళలాడే బిళ్ళ ఒక్కటే. అందుకని నేను రాత్రిళ్ళు లైట్లార్పేసి, లెన్సు ఊడబీకిన పాత వెబ్‌క్యామ్ మీద అవిలాల చెరువు నీళ్ళు పెట్టి ఎర్ర లేజర్ వేస్తుంటే, అమ్మ తలుపు దగ్గర నిలబడి "చీకట్లో ఏం చేస్తా ఉండావురా?" అని రోజూ అడిగేది.

చేసిందేమిటంటే, పార్శిల్ డబ్బా మూత రేకుకి సూదితో బెజ్జం పెట్టి లేజర్‌ని దాంట్లోంచి పంపాను. కింద రెండు స్లైడ్ల మధ్య గాజు ముక్కలు అతికించి చేసిన బుల్లి తొట్టిలో నీళ్ళు, ఆ కింద కెమెరా చిప్. (ఆ లేజర్‌లోకి కంటితో చూడొద్దు, సరదాకి కూడా.) లెన్సు లేదు కాబట్టి స్క్రీన్ మీద బొమ్మేమీ రాదు, బూడిద రంగు మీద ఒకదాన్నొకటి తొక్కుకుంటూ వలయాలు, చినుకులు పడుతున్న కోనేరు లాగా. మొదట ఇంతేనా అనిపించింది.

కానీ ఉన్నదంతా ఆ వలయాల్లోనే ఉంది, ఆ వలయాల ఫొటోనే హోలోగ్రామ్. నీటిలోని నలుసుకి తగిలి చెదిరిన కాంతి, దేనికీ తగలకుండా నేరుగా వచ్చిన కాంతి చిప్ మీద కలుస్తాయి. రెండు అలలు కలిసి ఒకచోట బలపడి, ఒకచోట చెరిపేసుకోవడం, ఇంటర్‌లో బట్టీ కొట్టిన వ్యతికరణమే ఇది. మామూలు ఫొటోకి వెలుగు ఎంతుందో తప్ప, అల ఎంత వెనకబడి వచ్చిందో, అంటే దాని ఫేజ్, తెలియదు. వలయాలు దాన్ని కూడా పట్టుకుంటాయి. లేజర్ 650 నానోమీటర్లు, పిక్సెల్ సైజు ఇంత, చిప్ నుంచి నలుసుకి దూరం ఇంత అని పైథాన్‌లో రాసిన ప్రోగ్రాముకి ఇస్తే అది ఫూరియర్ లెక్కతో (అలల్ని విడదీసి మళ్ళీ కలిపే గణితం) ఆ అలని వెనక్కి నడిపిస్తుంది. దూరం 3 మి.మీ. అంటే కొన్ని నలుసులు తేటపడతాయి, 4 అంటే అవి కరిగిపోయి వేరేవి పైకొస్తాయి. తీసిన ఫొటో ఒక్కటే, ఫోకస్ మాత్రం తీరిగ్గా తర్వాత.

నిజానికి ముందు గొప్పలకు పోయి అద్దాలు పెట్టి, లేజర్‌ని రెండు దారుల్లో పంపి మళ్ళీ కలిపే పద్ధతి మొదలుపెట్టాను. ఫ్యాను తిరిగినా, పక్కింటి మోటారు వేసినా, రోడ్డు మీద బస్సు పోయినా ఆ వెలుగు చీకటి పట్టీలు గంతులేసేవి, ఎందుకంటే అద్దం వెంట్రుక మందంలో వందో వంతు కదిలినా చాలు, అంతా చెరిగిపోతుంది. వారం రోజులు బుర్ర వాచాక ఒకే దారి పద్ధతికి వచ్చాను, దీంట్లో ఊగితే రెండు కాంతులూ కలిసే ఊగుతాయి. భౌతిక శాస్త్రవేత్త డెనిస్ గాబోర్ 1948లో చెప్పింది ఇదే, అదీ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుని బాగుచేద్దామని. లేజర్ 1960 దాకా లేదు, ఆయన పాదరసపు దీపంతో కానిచ్చాడు. నోబెల్ వచ్చింది 1971లో. ఒక తలనొప్పి మాత్రం అప్పటి నుంచీ ఉంది, అసలు బొమ్మ మీద దాని కవల బొమ్మ మసగ్గా వచ్చి కూర్చుంటుంది. నా ఫొటోల్లోనూ కూర్చుంది.

ల్యాబుల్లో దీని అసలు ఉపయోగం ఫేజ్ కొలవడం. బతికున్న కణం గాజులాంటిది, మామూలు మైక్రోస్కోపులో సరిగా కనపడాలంటే రంగు వేయాలి, వేస్తే చాలాసార్లు అది చచ్చిపోతుంది. హోలోగ్రఫీకి రంగు అక్కర్లేదు, కణంలోంచి వచ్చిన కాంతి ఎంత వెనకబడిందో చూసి దాంట్లో నీరు కాకుండా ప్రొటీన్ల లాంటి సరుకు ఎంతుందో లెక్కకట్టేస్తారు. నాకైతే మేఘాల సంగతి ఇంకా నచ్చింది. చిత్తూరు దారిలో గాదంకి రాడార్ నేల మీద నుంచే పైగాలిని చూస్తుంది కదా, అమెరికాలో విమానానికి హోలోగ్రాఫిక్ కెమెరా కట్టి మేఘంలోకే దూరారు, ఒక్కో చుక్క ఎక్కడుందో, ఎంత లావుందో విడివిడిగా తెలుసుకోవడానికి.

ఇక నా చెరువు జంతువు. మూడు రాత్రులు ఒక కాళ్ళున్న పురుగు ప్రతి ఫొటోలో కనబడుతూనే ఉంది, మా తమ్ముడికి వాట్సాప్‌లో కూడా పంపాను. నాలుగో రాత్రి దూరం మారుస్తూ పోతే అది తేటగా వచ్చింది ఒక మిల్లీమీటరు కూడా లేని చోట. అక్కడ నీళ్ళే లేవు, చిప్ మీది గాజు ఉంది. మెత్తటి గుడ్డతో తుడిచేశాను, జంతువు పోయింది.