పదహారో వారం దాకా ఆగమన్నారు

గర్భం వచ్చిన ఎనిమిదో వారంలో చేసిన మొదటి స్కానింగులో బిడ్డ గుండె కొట్టుకోవడం చూసిన సంతోషం నాకు రెండు నిమిషాలైనా నిలవలేదు. స్కానింగ్ చేస్తున్న డాక్టరుగారు ప్రోబును కుడివైపుకు జరిపి, అక్కడే ఆగి, తెరమీద ఒక చుక్క నుంచి మరో చుక్కకు గీతలు లాగుతూ కొలతలు తీసుకోసాగారు. కుడి అండాశయంలో 7 సెంటీమీటర్ల గడ్డ ఉందని రిపోర్టు వచ్చింది. అంతవరకు నాకు నొప్పి గానీ మరే ఇబ్బంది గానీ లేదు; గర్భమే రాకపోతే దాని సంగతి ఎప్పటికి తెలిసేదో.

మా గైనకాలజిస్టు తొందరపడలేదు. అండం విడుదలైన చోట ఏర్పడే కార్పస్ లూటియం ఒక్కోసారి నీటితిత్తిలా ఉబ్బుతుందని, అలాంటివి చాలావరకు నాలుగో నెలకల్లా వాటంతటవే కరిగిపోతాయని చెప్పారు. పైగా తొలి వారాల్లో గర్భాన్ని నిలబెట్టే ప్రొజెస్టిరాన్ అనే హార్మోను అక్కడి నుంచే వస్తుంది. ఆ పనిని మాయ అందుకునేది ఇంచుమించు పదో వారంలో కనుక, అంతకుముందే ఆ కార్పస్ లూటియాన్ని తీసేస్తే గర్భం పోయే ప్రమాదం ఉంటుంది. "పదహారో వారంలో మళ్ళీ చూద్దాం. ఈలోగా పొత్తికడుపులో ఒకపక్క ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి వచ్చి వాంతులైతే మాత్రం అర్ధరాత్రైనా సరే వచ్చేయండమ్మా" అన్నారు. గడ్డ బరువుకు అండాశయం మెలిపడితే దానికి రక్తం అందదట.

వేవిళ్ళతో ఉన్న మనిషికి వాంతులు వస్తే రమ్మని చెప్పడం ఎంత చిత్రమో ఆ తరువాతి వారాల్లో నాకు బాగా తెలిసింది. వాంతైన ప్రతిసారీ కుడిపక్క నొక్కి చూసుకునేదాన్ని.

ఆగలేక, ఎవరినీ అడగకుండా ఒక ల్యాబులో, అండాశయ క్యాన్సరు అనుమానం ఉన్నప్పుడు చేసే సీఏ 125 రక్తపరీక్ష చేయించుకోవడం నేను చేసిన తెలివితక్కువ పని. 35 లోపు ఉండవలసింది 88 వచ్చింది. క్యాన్సరేనని ఖాయం చేసుకుని రెండు రాత్రులు ఏడ్చాను. గర్భం తొలి నెలల్లో ఆ విలువ గర్భం వల్లనే పెరుగుతుందని, గడ్డల విషయంలో చేసే ఆల్ఫా ఫీటోప్రోటీన్, హెచ్‌సీజీ వంటి రక్తపరీక్షలు కూడా ఈ సమయంలో నమ్మదగినవి కావని డాక్టరుగారు వివరించి, ఆ కాగితాన్ని మడిచి నా చేతికే తిరిగి ఇచ్చారు.

పదహారో వారానికి గడ్డ తగ్గలేదు సరికదా, అర సెంటీమీటరు పెరిగింది. అప్పటికే రెండుసార్లు నొప్పి వచ్చి దానంతటదే పోయింది. కాంట్రాస్ట్ మందు ఎక్కించకుండా తీసిన ఎంఆర్ఐలో లోపల కొవ్వు కనిపించడంతో అది డెర్మాయిడ్ అని, అంటే కొవ్వు, వెంట్రుకలు వంటివి లోపల పెరిగే, సాధారణంగా క్యాన్సరు కాని గడ్డ అని దాదాపు తేలింది. కాన్పు అయ్యేదాకా ఆగుదామని మావారు అన్నారు. చిన్న డెర్మాయిడ్ అయితే తానూ అదే చెప్పేదాన్నని, ఇది ఇంత పెద్దదై, వచ్చిపోయే నొప్పులూ ఉన్నందున, బిడ్డ అవయవాలు ఏర్పడి, గర్భసంచి ఇంకా మరీ పెరగని ఈ రోజుల్లో తీయడమే మేలని, మెలిపడ్డాక హడావిడిగా చేయవలసి వస్తే అండాశయమే దక్కకపోవచ్చని డాక్టరుగారు చెప్పారు. మేము ఒక రోజు గడువు అడిగి, ఒప్పుకున్నాము.

పదిహేడో వారంలో పూర్తి మత్తు ఇచ్చి, లాపరోస్కోపీలో, అంటే చిన్న రంధ్రాల ద్వారా, గడ్డను మాత్రమే ఒలిచి, అండాశయాన్ని మిగిల్చారు. మెలకువ రాగానే నర్సు బిడ్డ గుండె చప్పుడు వినే డాప్లర్‌ను నా పొట్టమీద పెట్టింది. నిదానంగా ఏదో కొట్టుకుంటున్నట్టు వినిపించగానే నా పై ప్రాణాలు పైనే పోయాయి. "ఇది మీ నాడి అమ్మా, బిడ్డది కాదు" అంటూ ఆమె ప్రోబును వేలెడంత కిందికి జరిపింది. నిమిషానికి 148.

తొమ్మిది రోజులకు బయాప్సీ రిపోర్టు వచ్చింది. వెంట్రుకలు, జిడ్డులాంటి కొవ్వు తప్ప క్యాన్సరు కణాలు లేవు. "కడుపులో వెంట్రుకలేమిటే" అని మా అమ్మ ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది. కోలుకోవడంలో చెప్పుకోదగ్గ ఇబ్బందులేమీ రాలేదు; ముప్పై తొమ్మిదో వారంలో మామూలు కాన్పే అయింది.

కాన్పయిన ఆరు వారాలకు అదే గదిలో, మొదటిసారి స్కానింగ్ చేసిన డాక్టరుగారే మళ్ళీ చేశారు. ప్రోబు కుడివైపు ఆగగానే నేను ఊపిరి బిగబట్టాను. ఆయన గీత లాగి కొలిచారు: 3 సెంటీమీటర్లు. ఆ కొలత అండాశయానిదే.